రంగు డబ్బా తర్వాత తెరవండి

ఏళ్లతరబడి ఎవరూ ముట్టని చిన్న తెరచాప పడవ చేతికొచ్చినప్పుడు చాలామంది మొదట కొనేది రంగు డబ్బా. ఎండకు వెలిసిపోయి, రాస్తే చేతికి తెల్లటి పొడి అంటే పడవను చూశాక ముందు దాన్ని మెరిపించాలనిపించడం సహజమే. రుద్దుతారు, పగుళ్లలో లప్పం పెడతారు, రెండు కోట్లు వేస్తారు, కొత్త పేరు రాయిస్తారు. అంత కష్టం, అంత ఖర్చు అయ్యాక నీళ్లలోకి దించితే మొదటి గట్టి గాలికే మాస్టు మొదట్లో డెక్కు చిట్లుతుంది. లేదా గంట తిరిగేసరికి పొట్టలోకి నీరు చేరి పడవ కదలనని మొరాయిస్తుంది. అప్పటికి చేతిలో డబ్బూ ఉండదు, ఒంట్లో ఓపికా ఉండదు. పడవ మళ్లీ పాత మూలకే చేరుతుంది. పాడుబడిన పడవను బాగుచేయడమంటే దాన్ని కొత్తదానిలా కనిపించేట్టు చేయడం కాదు. నీరు ఎటునుంచి లోపలికి వస్తోందో చూడాలి, గాలి బలమంతా ఏ అతుకుల మీద పడుతోందో చూడాలి. పని ఆ వరసలోనే సాగాలి. ఆ రెండూ కుదుటపడగానే, ఒంటి మీద మరకలు ఎన్ని ఉన్నా సరే, పడవ నీటి మీదికి వెళ్లాలి. అందం పని ఆ తర్వాత నింపాదిగా చేసుకోవచ్చు.

ఈ మాటను నిలబెట్టడానికి లేజర్ అనే పడవను మించిన ఉదాహరణ లేదు. కారు పైన కట్టుకుని తీసుకుపోగలిగే చిన్న పడవ కావాలని 1969లో ఇయాన్ బ్రూస్ ఫోన్ చేసి అడిగితే, బ్రూస్ కిర్బీ ఆ మాటలు సాగుతుండగానే కాగితం మీద గీసిన బొమ్మ అది. ఇద్దరూ కెనడా వాళ్లే. 1971లో అమ్మకానికి వచ్చింది. పొడవు 4.23 మీటర్లు, ఖాళీ ఒంటి బరువు 59 కిలోలు, తెరచాప ఒక్కటే, దాని వైశాల్యం 7.06 చదరపు మీటర్లు, నడిపేది ఒక్క మనిషి. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ప్రపంచం మొత్తం మీద రెండు లక్షలకు పైగా తయారయ్యాయి. 2019 నుంచి పోటీల్లో వీటిని ఐఎల్‌సీఏ అంటున్నారు. 2023లో జరిగిన హాంగ్జౌ ఆసియా క్రీడల్లో నేహా ఠాకూర్‌కు రజతం, విష్ణు శరవణన్‌కు కాంస్యం వచ్చింది ఈ కుటుంబపు పడవల మీదే. మన హుస్సేన్‌సాగర్‌లో వానాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు కూడా లేజరే ఆయువుపట్టు. ఇంత విరివిగా తయారైంది కాబట్టి పాతవీ అంతే విరివిగా పడి ఉంటాయి. పైగా అన్నీ ఒకే రూపంలో, ఒకే పద్ధతిలో చేసినవి కనుక పాడయ్యేదీ ఒకే చోట్ల. యాభై ఏళ్లుగా వాటిని నడిపినవాళ్లు ఏది ముందు పోతుందో, ఏది చివరిదాకా నిలుస్తుందో పోల్చుకుని పెట్టారు. ఆ అనుభవమంతా చెప్పేది ఒక్కటే: పాత పడవను ఒడ్డున కూర్చోబెట్టే జబ్బుల్లో పైకి కనిపించేవి బహుతక్కువ.

మొదటి పరీక్షకు పనిముట్లేవీ అక్కర్లేదు, తూకం చాలు. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషన్లు రెండు తెచ్చి, పడవ ముక్కు కింద ఒకటి, వెనక కింద ఒకటి పెట్టి, రెండు అంకెలూ కూడాలి. 59 కిలోలు ఉండాల్సిన ఒళ్లు పది కిలోలు ఎక్కువ తూగిందంటే ఆ పది కిలోలూ దాదాపుగా నీరే. లేజర్ ఒళ్లు పైనా కిందా మూసి ఉన్న డొల్ల. పైనున్న డెక్కు రెండు ఫైబర్ పొరల మధ్య నురుగు పలక ఇరికించి చేసినది. డొల్లలో నిలిచిన నీటిని వెనక గోడకున్న బిరడా తీసి వంపేయవచ్చు. నురుగులోకి ఇంకిన నీరు మాత్రం అంత తేలిగ్గా వదలదు. ఆ నీరు పొరలను ఒకదాన్నుంచి ఒకటి విడదీస్తుంది. అరచేత్తో డెక్కు నొక్కితే మెత్తగా దిగిన చోటల్లా పొరలు విడిపోయినట్టే. స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోతే గట్టి చోట స్పష్టంగా మోగుతుంది, విడిపోయిన చోట బోలుగా వినిపిస్తుంది. ఆ చోట్లను పెన్సిల్‌తో గీసి పెట్టుకుంటే అసలు పని ఎంతుందో గంటలో తేలుతుంది. పాత పడవ కొనబోయేవాళ్లు బేరం మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని కూడా ఇదే. అమ్మేవాళ్లు చూపించేది ఒంటి నిగనిగ. ధర నిర్ణయించాల్సింది తూకం.

నీరు ఉందని తెలిశాక, అది వచ్చిన దారి తెలియాలి. మేడ మీద ఒకచోట దిగిన వాన ఇంకెక్కడో గోడను చెమ్మగిల్లజేసినట్టు, పడవలోనూ నీరు తేలే చోటు వేరు, దూరే చోటు వేరు. దీనికి సబ్బునీళ్ల పరీక్ష ఉంది. ఒళ్లు లోపల గాలి ఆడటానికి వదిలిన చిన్న రంధ్రాన్ని టేపుతో మూసి, వెనక బిరడా కన్నంలో గొట్టం పెట్టి నోటితో మెల్లగా ఊదుతూ, అతుకుల మీద, స్క్రూల చుట్టూ సబ్బునీళ్లు రాయాలి. బుడగలు లేచిన చోటే దారి. ఇక్కడ టైరుకు గాలి కొట్టే కంప్రెసర్ పెట్టకూడదు. ఆ ఒత్తిడికి బాగున్న అతుకులు కూడా ఊడిపోతాయి. మామూలుగా దొరికే దారులు మూడు: డెక్కూ అడుగూ కలిసే అంచు, చుక్కాని తగిలించే బిళ్లల స్క్రూలు, పడవ పక్కకు జారకుండా నీళ్లలోకి దించే పలక, అంటే డాగర్‌బోర్డు, దిగే అర చుట్టూ ఉన్న అతుకు. స్క్రూల దగ్గర పని చిన్నదే. విప్పి, కన్నాన్ని ఎపాక్సీతో నింపి, ఆరాక మళ్లీ తొలిచి, పడవలకు వాడే సీలెంటు పెట్టి బిగించాలి. బాత్రూముల్లో వాడే సిలికాన్ పూయడం చాలామంది చేసే పొరపాటు. అది త్వరగా ఊడిపోతుంది. పైగా ఒకసారి పూసిన చోట తర్వాత ఏ రంగూ ఏ రెజినూ సరిగా పట్టదు.

లేజర్‌లో అన్నిటికంటే ముఖ్యమైన చోటు మాస్టు దిగే గొట్టం. ఈ పడవలో మాస్టును నిలబెట్టే తీగలు లేవు. తెరచాప పట్టిన గాలి బలమంతా డెక్కులోంచి అడుగుదాకా దిగిన ఆ గొట్టం ఒక్కటే మోయాలి. మాస్టుతో పాటు లోపల పడిన ఇసుక ప్రతి కదలికకూ గొట్టం అడుగును అరగదీస్తుంది. చిన్న కన్నం పడితే చాలు, గొట్టాన్ని అడుగుకు అంటించిన చోటికి నీరు చేరుతుంది. ఏళ్ల తర్వాత ఆ అతుకు మెత్తబడి వదిలేస్తుంది. అప్పుడు బలమంతా డెక్కు మీదే పడుతుంది, డెక్కు చిరుగుతుంది. దీన్ని ముందే పట్టుకునే పరీక్ష చిన్న పిల్లలు కూడా చేయగలిగేది. గొట్టంలో నిండా నీళ్లు పోసి, మట్టం దగ్గర గీత గీసి, అరగంట ఆగి చూడాలి. మట్టం దిగితే గొట్టం కారుతున్నట్టే. తర్వాత మాస్టు కింది ముక్కను గొట్టంలో నిలబెట్టి ముందుకూ వెనక్కూ ఊపుతూ డెక్కును గమనించాలి. గొట్టం అంచు చుట్టూ డెక్కు కదిలినా, వెంట్రుకవాసి పగుళ్లు తెరుచుకుంటున్నా ఆ పడవను ఎట్టి పరిస్థితుల్లోనూ అలాగే నీటికి దించకూడదు. కారుతోంది తప్ప కదలడం లేదంటే మరమ్మతు సులువు: ఆరబెట్టి, అడుగున ఎపాక్సీ పోసి, పైన అరుగుదల తట్టుకునే ప్లాస్టిక్ బిళ్ల వేస్తే చాలు. కదులుతోందంటే డెక్కు మీద గొట్టానికి దగ్గర్లో గుండ్రటి మూత పట్టేంత కన్నం కోసి, చెయ్యి లోపలికి పెట్టి, పాత అతుకును గీరి, గొట్టం మొదలు చుట్టూ గ్లాసు గుడ్డ పొరలు వేసి ఎపాక్సీతో మళ్లీ కట్టాలి. డెక్కు కోయాలంటే చాలామందికి చేతులు రావు. నిజానికి ఆ కన్నం పడవకు మేలే చేస్తుంది. అందులోంచే చిన్న ఫ్యాను పెట్టి రోజుల తరబడి లోపల ఆరబెట్టవచ్చు. ఒళ్లు చిల్లిపడినా మునగకుండా లోపల అమర్చిన గాలి డబ్బాలు నిండుగా ఉన్నాయో చిరిగాయో అందులోంచే చూడవచ్చు.

రెజిన్ పని గురించి కొంచెం నిలిచి మాట్లాడుకోవాలి. పాత పడవల్లో కనిపించే చెడ్డ మరమ్మతుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. పడవను మొదట పోసింది పాలిస్టర్ రెజిన్‌తో. అది చవక, మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది. తడిగా ఉన్నప్పుడు పొర మీద పొర వేసుకుంటూ పోతే బాగా కలిసిపోతుంది. ఎప్పుడో గట్టిపడిన పాత పొర మీద మాత్రం దాని పట్టు అంతంతే. ఎపాక్సీ ఖరీదు ఎక్కువ, పాత ఫైబర్‌ను మాత్రం గట్టిగా పట్టుకుంటుంది. అందుకే బలం మోసే చోట ఎపాక్సీ, ఒంటి మీద గీతలకూ చిన్న గుంటలకూ పాలిస్టర్ జెల్‌కోటు అన్న విభజన సరైనది. కన్నం పూడ్చేటప్పుడు దాని అంచును ఏటవాలుగా అరగదీయాలి. మందానికి పన్నెండు రెట్ల వెడల్పు వాలు ఉండాలన్నది పడవల పనివాళ్లు సాధారణంగా పాటించే కొలత. అంటే మూడు మిల్లీమీటర్ల మందానికి చుట్టూ 36 మిల్లీమీటర్లు. కన్నంలో లప్పం నింపి పైన నున్నగా రుద్దేస్తే చూడ్డానికి తేడా తెలియదు, ఒళ్లు వంగగానే ఆ ముక్క ఊడి వస్తుంది. ఇక వాతావరణం. తెలంగాణ ఎండాకాలంలో గాలిలో తేమ తక్కువ కాబట్టి ఆరబెట్టడానికి మార్చి నుంచి మే దాకా మంచి అదను. అదే ఎండకు రెజిన్ తొందరగా గట్టిపడుతుంది, డబ్బాలో ఎక్కువ కలిపితే వేడెక్కి పొగలు కక్కుతుంది. తెల్లవారుజామున, నీడలో, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. కాకినాడ, విశాఖ లాంటి చోట తేమకు కొన్ని ఎపాక్సీల మీద జిడ్డు పొర తేలుతుంది. దాన్ని మంచినీళ్లతో కడగకుండా ఎమరీ పేపర్ పడితే జిడ్డు లోపలికి ఇంకి, తర్వాతి పొర అంటదు. మరొక హెచ్చరిక ప్రాణాలకు సంబంధించినది. పాలిస్టర్‌ను గట్టిపరిచే క్యాటలిస్టునూ, దాన్ని వేగిరపరిచే కోబాల్టునూ ఒకదానితో ఒకటి నేరుగా ఎన్నడూ కలపకూడదు, పేలుతుంది. ఫైబర్ రుద్దేటప్పుడు లేచే ధూళికి గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాల్సిందే.

ఈ పనికి మనిషి ఎక్కడ దొరుకుతాడన్న ప్రశ్న తెలుగు నేలలో పెద్ద ప్రశ్న కాదు. సెయిలింగ్ పడవల మెకానిక్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లు మనకు అరుదే కావచ్చు, ఫైబర్ తెలిసిన చేతులకు మాత్రం కొదవలేదు. 1980లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా నడిపిన బంగాళాఖాత కార్యక్రమం అలల్లోంచి నేరుగా ఒడ్డుకు చేరగలిగే కొత్త వేట పడవలను ఫైబర్‌తో చేయించి ఆంధ్ర తీరంలోనూ పరీక్షించింది. ఇవాళ మన మత్స్యకార గ్రామాల ఒడ్డున ఫైబర్ పడవలు బారులు తీరి ఉంటాయి. రాళ్లకు తగిలి చీలిన అడుగును పొర వేసి మళ్లీ వేటకు పంపేవాళ్లు అక్కడే ఉన్నారు. వాళ్ల పని తీరులో నేర్చుకోవాల్సింది ఉంది. వేటకు వెళ్లాల్సిన పడవకు ఎవరూ ముందు రంగు వేయరు, ముందు చీలిక కడతారు. అంతకుముందు తరాల పద్ధతీ ఇదే. కోరమాండల్ తీరంలో అలలు విరిగే చోట నడిచిన మసూలా పడవకు మేకులు ఉండేవి కావు, పలకలను కొబ్బరి నారతాడుతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు ఆ కుట్టు వంగి దెబ్బను మింగేది. కుట్టు వదులైతే విప్పి మళ్లీ కుట్టడమే దాని మరమ్మతు. పడవ ప్రాణం అతుకులో ఉంటుందన్న ఎరుక మన తీరానికి కొత్తది కాదు.

ఒళ్లు తర్వాత లోహం. లేజర్ మాస్టు రెండు అల్యూమినియం గొట్టాలు. పై గొట్టం కింది గొట్టంలో దిగే చోట ప్లాస్టిక్ పట్టీ ఒకటి రివెట్‌తో బిగించి ఉంటుంది. ఆ రివెట్ కన్నం దగ్గరే పై గొట్టం విరగడం మామూలు. కన్నం చుట్టూ సన్నటి పగులు ఏమాత్రం కనిపించినా ఆ గొట్టాన్ని పక్కన పెట్టాలి. అల్యూమినియం మీద స్టీలు రివెట్, మధ్యలో ఉప్పునీరు చేరితే లోహం తెల్లటి పొడిగా మారి రాలిపోతుంది. సముద్రం మీద తిరిగిన పడవ కొనేవాళ్లు రివెట్ల చుట్టూ ఈ తెల్లదనం కోసం వెతకాలి. కొత్త రివెట్ కొట్టేటప్పుడు రెండు లోహాల మధ్య తగిన పేస్టు పూస్తే ఈ జబ్బు నెమ్మదిస్తుంది. ఎంటర్‌ప్రైజ్, 420 లాంటి ఇద్దరు నడిపే పడవల్లో మాస్టును స్టీలు తీగలు నిలబెడతాయి. అక్కడ తీగ మధ్యలో కాదు, చివర లోహపు తొడుగులోకి దూరే చోట చూడాలి. ఒక్క పోగు తెగి కనిపించినా తీగ మొత్తం మార్చాలి, అతుకు వేయకూడదు. వాడిన సంవత్సరాలు తెలియని తీగ అయితే పైకి బాగున్నా మార్చేయడమే మేలు. దాని ఖరీదు విరిగిన మాస్టు ఖరీదులో చిన్న భాగం.

తెరచాప విషయంలో జనం రెండు వైపులా తప్పుతారు. ఒకరు మరకలు చూసి పారేస్తారు, ఇంకొకరు గుడ్డ చిరగలేదని నమ్మి ఎక్కిస్తారు. పాలిస్టర్ తెరచాపలో గుడ్డ కంటే ముందు పోయేది దారం. కుట్టు గుడ్డ పైకి ఉబ్బి ఉండి ఎండా రాపిడీ ముందుగా తింటుంది. కుట్టును గోటితో గట్టిగా గీరితే దారం పుటుక్కున తెగిందంటే ఆ వరసంతా మళ్లీ కుట్టించాలి. షామియానాలు, టార్పాలిన్లు కుట్టే మిషన్ మీద మందపాటి పాలిస్టర్ దారంతో జిగ్‌జాగ్ కుట్టు వేయించవచ్చు. నూలు దారం వద్దు. గుడ్డను రెండు చేతులా పట్టి లాగితే కాగితంలా చిరిగితే మాత్రం ఎన్ని కుట్లు వేసినా లాభం లేదు. మురికి పట్టినదాన్ని తొట్టిలో మంచినీళ్లు, తేలికపాటి సబ్బుతో నానబెట్టి ఉతకాలి, వాషింగ్ మిషన్‌లో వేస్తే గుడ్డకున్న బిగువు పోతుంది. బిగువు తగ్గిన పాత తెరచాపతో పోటీలో గెలవలేం, నిజమే. నేర్చుకోవడానికీ, సాయంత్రం సాగర్ మీద తిరగడానికీ అది ఇంకొన్నేళ్లు చక్కగా పనికొస్తుంది.

చుక్కాని, డాగర్‌బోర్డు, తాళ్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పగుళ్లు మూసేయాలి, గట్టిబడిన తాళ్లు మార్చాలి. రెండే రెండు చిన్న వస్తువులు మాత్రం మరిచిపోకూడదు. పడవ బోర్లాపడినప్పుడు చుక్కాని ఊడి పడిపోకుండా ఆపే స్ప్రింగు బిళ్ల మొదటిది. గాలికి ఎదురుగా ఒళ్లు బయటికి వాల్చినప్పుడు పాదాలు దూర్చే పట్టీ రెండోది. ఆ పట్టీ తెగితే మనిషి వెల్లకిలా నీళ్లలో పడతాడు, పడవ అతన్ని వదిలేసి కొట్టుకుపోతుంది. ఈ రెండింటి ఖర్చు రంగు డబ్బా ఖర్చుకంటే తక్కువ. బడ్జెట్ చాలక ఏదో ఒకటే కొనగలిగితే ఏది కొనాలో చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు అభ్యంతరాలు. రంగు అంటే అందమే కాదు, రక్షణ కూడా అని పడవలు తెలిసినవాళ్లు అంటారు. అందులో నిజముంది. ఎపాక్సీ ఎండకు ఆగదు, దాని మీద రంగో జెల్‌కోటో పడాల్సిందే. మరమ్మతు చేసిన ఆ జానెడు మేర రంగు వేయడం పనిలో భాగమే. ఒళ్లంతా వేయడం మాత్రం కాదు. ఏళ్లతరబడి నీళ్లలోనే ఉండే పెద్ద పడవకు అడుగున రంగు తప్పనిసరి. లేజర్, పిల్లల ఆప్టిమిస్ట్ లాంటి చిన్న పడవలు మాత్రం రోజూ ఒడ్డెక్కి ఆరిపోతాయి. వాటికి అసలు శత్రువు ఎండ. ఎండను ఆపడానికి రంగుకంటే మందపాటి కవరు చవక, నమ్మకం. తెల్లటి పొడి రాలే జెల్‌కోటును రుద్దుడు పేస్టుతో రుద్ది మైనం పెడితే సగం పైగా మెరుపు తిరిగొస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది: రంగు వేసిన ఒంటి మీద కొత్త పగుళ్లు కనిపించవు. మొదటి సీజన్‌లో ఒళ్లు ఎక్కడ కదులుతోందో పాత జెల్‌కోటే సన్నటి గీతలతో చూపిస్తుంది. దాన్ని కప్పేస్తే ఆ సమాచారం పోతుంది.

పూర్తిగా బాగుపడని పడవను నీళ్లలోకి దించడం ప్రమాదం కాదా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగి పదుల మంది ప్రాణాలు పోయాక, తెలుగువాళ్లలో ఎవరైనా ఈ ప్రశ్న అడగడం న్యాయమే. అయితే ఇక్కడ అడిగేది అజాగ్రత్త కాదు, వరస. ప్రాణానికి సంబంధించిన పనులన్నీ ముందు, చూపుకు సంబంధించినవి తర్వాత అంటే భద్రత పెరుగుతుంది తప్ప తగ్గదు. ప్రమాదం వచ్చేది డబ్బూ సమయమూ రంగు మీద అయిపోయి, గొట్టం పరీక్ష మానేసినప్పుడు. నీటిలో మొదటి పరీక్ష నడుము లోతు మించని చోట జరగాలి. లైఫ్ జాకెట్ తొడుక్కుని, పడవను కావాలని పక్కకు పడేసి, కొన్ని నిమిషాలు అలాగే ఉంచి, లేపి, ఒడ్డుకు తెచ్చి బిరడా తీయాలి. గ్లాసుడు నీళ్లు వస్తే కంగారు లేదు. బకెట్టెడు వస్తే సబ్బునీళ్ల పరీక్ష మళ్లీ మొదలు. ఇందులో గట్టెక్కాకే లోతుకు వెళ్లాలి. అదీ రక్షక పడవ ఉన్న క్లబ్బు నీళ్లలో, తేలికపాటి గాలిలో. రెండోసారి కొంచెం గట్టి గాలి. ఒంటరిగా, ఎవరికీ చెప్పకుండా చెరువు మధ్యకు వెళ్లడం కొత్త పడవతోనూ తప్పే.

ఇంత శ్రమ దేనికి, క్లబ్బులో చేరి అక్కడి పడవ నడుపుకోవచ్చు కదా అనేవాళ్లకు జవాబు: చేరండి, తప్పకుండా చేరండి. ఈత వచ్చి, గాలి తెలిసి, పది మంది మధ్య నేర్చుకున్నాకే సొంత పడవ మాట ఎత్తడం మంచిది. అయితే క్లబ్బుల్లో కూడా పిల్లల సంఖ్యకు సరిపడా పడవలు ఉండాలంటే పాతవాటిని బాగుచేయడమే దారి. ఆప్టిమిస్ట్‌ను 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ గీసిందే పిల్లలకు చవకగా పడవ అందాలని. 2.3 మీటర్ల ఆ చిన్న పెట్టెలాంటి పడవ మీదే ప్రపంచమంతా పిల్లలు తెరచాప పట్టడం నేర్చుకుంటున్నారు. పోటీలకు కొత్తవి కొన్నా, నేర్పించడానికి పాతవి చాలు. మూలన పడిన పాత పడవలు నాలుగు మళ్లీ నీటి మీదికి వస్తే నలుగురు పిల్లలకు వరసలో నిలబడే బాధ తప్పుతుంది. పాత ఒళ్లు మెత్తబడి వేగం తగ్గుతుందన్నది నిజమే. జాతీయ స్థాయిలో ఆ తేడా పతకాన్ని తారుమారు చేయగలదు. నేర్చుకునేవాడి తప్పుల ముందు అది లెక్కలోకి రాదు. చుక్కాని ఒక్కసారి మోటుగా తిప్పితే పోయే వేగం అంతకంటే ఎక్కువ.

మరి ఏ పడవనూ వదులుకోకూడదా? వదులుకోవాల్సినవి ఉన్నాయి, ఆ మాట నిక్కచ్చిగా చెప్పుకోవాలి. డెక్కులో సగం మేర నురుగు విడిపోయినది, డాగర్‌బోర్డు దిగే అర కింది భాగం నుంచి చీలినది, గొట్టం చుట్టూ అడుగు పొర కూడా మెత్తబడినది, రెండేళ్లకోసారి చేతులు మారుతూ ఒకదాని మీద ఒకటి లప్పం పొరలు పేరుకున్నది: ఇవి బాగుపడవని కాదు, బాగుచేసే ఖర్చులో ఇంకో మంచి పాత పడవ వస్తుంది. అలాంటిదాన్నుంచి మాస్టు, బూమ్, చుక్కాని, కప్పీలు తీసి మరో పడవకు వాడాలి. మిగిలిన ఒళ్లు పారేయడం మాత్రం తేలిక కాదు. పాలిస్టర్ రెజిన్ ఒకసారి గట్టిపడితే తిరిగి కరగదు. ఇనుములా, అల్యూమినియంలా పాతసామాను కొట్టులో అమ్ముడుపోదు. తగలబెడితే విషపు పొగ. పూడ్చిపెడితే దశాబ్దాలు అలాగే ఉంటుంది. ఫైబర్ పడవను తయారుచేయడం తేలికైనంతగా వదిలించుకోవడం తేలిక కాదు కాబట్టే, గొట్టం గట్టిగా ఉండి తూకం సరిపోయిన ప్రతి పాత ఒళ్లనూ మళ్లీ వాడకంలోకి తేవడం చెరువుల మీద ప్రేమ ఉన్నవాళ్ల బాధ్యత. బాగుచేశాక దాన్ని నిలబెట్టే తీరు కూడా తెలియాలి. రెండు ఇటుకల మీద అడుగు ఆనించి ఏడాది వదిలేస్తే ఆ చోట ఒళ్లు గుంట పడుతుంది. అంచుల మీద బరువు ఆగేట్టు బోర్లించాలి, లేదా అంచులను పట్టే బండి మీద పెట్టాలి. బిరడా తీసి ఉంచాలి, కవరు కప్పాలి. హుస్సేన్‌సాగర్ నీరైనా సముద్రపు నీరైనా, ఒడ్డెక్కిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి.

నైరుతి గాలులు జూన్‌లో హైదరాబాద్‌కు చేరతాయి. ఏడాదిలో సాగర్ మీద తెరచాపకు మంచి అదను అదే. ఆ గాలికి పడవ సిద్ధంగా ఉండాలంటే తూకం, గొట్టం పరీక్ష మార్చిలోనే అయిపోవాలి. ఏప్రిల్‌లో ఆరబెట్టి అతుకులు కట్టాలి, మేలో లోతులేని నీళ్లలో పడేసి చూడాలి. క్లబ్బుల నిర్వాహకులకు ఒక విన్నపం: మీ ఆవరణలో బోర్లించి ఉన్న పాత పడవలను ఒక్క ఆదివారం బయటికి తీయించి, తూచి, గొట్టాల్లో నీళ్లు పోసి చూడండి. బాగుపడేవాటి జాబితా రాసి, చేయి వేయగలిగిన కుర్రాళ్లకు, తల్లిదండ్రులకు అప్పగించండి. రంగు వాళ్లు తర్వాత వేసుకుంటారు.